మిరప ఘాటనుకున్న జబ్బు

ఒంగోలు స్టేషన్‌లో మద్రాసు బండి కోసం కూర్చున్నప్పుడు నా పక్కన రైతు దంపతులు ఉన్నారు. ఆయన ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, ఆమె ఆ కంటివైపే కూర్చుని కొంగు అడ్డం పెట్టింది.

"కల్లంలో మిరపకాయలు ఏరేటప్పుడు అందరికీ ముక్కు మండుద్ది గదమ్మా, ఘాటే అనుకున్నాం" అంది నాతో. "ముక్కులో బూజంట. షుగరున్న మనిషి గదా, కంటిదాకా పాకింది. సీసాలు సీసాలు మందెక్కించినా ఆగలా. రేపు కన్ను తీసేస్తారంట. తీసినా మనిషి దక్కుతాడని చెప్పలేమన్నారు."

నా సంచిలో సింగరాయకొండ స్వామి ప్రసాదం ఉంది. చక్కెర పొంగలి. అదీ ఆయనకు పెట్టకూడదు.

"నన్ను దాచింది చాల్లేగానీ, ఇటొచ్చి కూర్చోవే. ఉన్న కంటికన్నా కనపడు" అన్నాడాయన. ఆమె లేచి కుడిపక్కకు వెళ్ళింది. బండి వచ్చేదాకా ఆయన ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక గుడిలో ఆయన పేరిట అర్చన చేయించబోయాను. పూజారిగారు పేరు, గోత్రం అడిగారు. రెండూ నేను అడగనే లేదు.

"మిరప రైతండీ. ఆయన్ని భార్య కళ్ళ ముందే ఉంచమని స్వామికి చెప్పండి" అన్నాను.

పూజారిగారు ఇంకేమీ అడగకుండా పువ్వు వేశారు. ఆ మేలు మరవలేను.