ఆదివారం పైలట్ గురించి మా ఊరి వాంగ్మూలం

మిలిటరీ విమానం నడపాలంటే ఏం కావాలో నన్నడగండి, చెబుతాను. మంచి కళ్లు కావాలి. గిరగిరా తిప్పినా తిన్నది పైకి రాని కడుపు కావాలి. వీటన్నిటికంటే ముందు, మీరు బతికే ఉన్నారని మీ ఊరు ఒప్పుకోవాలి. మొదటి రెండూ నాకు ఉండేవి.

పోలీసు చర్య ముగిసింది, నిజాం దిగిపోయాడు. మా జనగామ వైపు ఊళ్లలో మాత్రం కమ్యూనిస్టుల సంఘం దళాలకూ కొత్తగా వచ్చిన మిలిటరీకీ మధ్య కొట్లాట నడుస్తూనే ఉంది. నేను సికింద్రాబాద్‌లో ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తాని. ఆ రోజుల్లోనే పట్నంలో ఒక పార్ట్‌టైం వైమానిక దళం పెట్టారు. వారమంతా మీ ఉద్యోగం మీరు చేసుకోండి, ఆదివారం వచ్చి విమానం నేర్చుకోండి, ఏడాది తర్వాత పనికొచ్చేవాళ్లను అసలైన పైలట్ కోర్సుకు పంపిస్తాం, మిగతావాళ్లు రిజర్వులో పడి ఉండండి అన్నారు. నేను ఎగబడి చేరాను.

అబ్బో, ఏం దళమది! పాతికమందిమి ఉండేవాళ్లం. వకీళ్ల కొడుకులు, జాగీర్దార్ల మేనల్లుళ్లు. నేల మీద నడుస్తున్నప్పుడు కూడా నల్లద్దాలు పెట్టుకుని, గాల్లోకి లేవగానే పొద్దున తిన్న నాస్తా అంతా ఒళ్లో పోసుకునే మహావీరులు. ఒకడైతే కారులో నౌకరును వెంటబెట్టుకుని వచ్చేవాడు, బూట్లు విప్పడానికి. వీళ్లు దేశాన్ని కాపాడతారట. వీళ్ల మొహాలకు కోడిపిల్లల్ని కాపాడమంటే గద్ద నవ్విపోతుంది.

మా శిక్షకుడు గోదావరి జిల్లా మనిషి. విమానం బాగా నడిపేవాడు, ఆ మాట కాదనను. కానీ నోరు విప్పితే చాలు వెటకారం. ఒకసారి నేను విమానం నడిపే కర్ర చూపిస్తూ, "సార్, కట్టెను గిట్ల గుంజితె ముక్కు లేస్తది గద?" అన్నాను. పాతికమంది ముందు కడుపు పట్టుకుని నవ్వాడు.

"గిట్లా గట్లా అంటే విమానం వినదయ్యా బాబూ! దానిక్కాస్త తెలుగు రావాలి!"

జాగీర్దారు మేనల్లుడు కూడా నవ్వాడు. వాడికి తెలుగే రాదు. ఆ రోజు నుంచి నేను మైదానంలో నోరు కట్టేసుకుని చేతులతోనే మాట్లాడాను. ఆర్నెల్లకు ఆ శిక్షకుడే నన్ను దించుతూ, "చెయ్యి మాత్రం బాగుందోయ్" అన్నాడు. అంత అవమానించినవాడు ఒక్క మెచ్చుకోలు విసిరితే వారం రోజులు ఆ మాటనే నెమరేసుకుంటూ తిరిగాను. సిగ్గుండాలి నాకు.

ఎందుకంత ఆరాటమంటే చెబుతాను. మా ఊళ్లో దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని, తల వంచుకుని పోవాలి. మా బాపు బతికినన్నాళ్లూ అట్లాగే పోయాడు. పట్నం వస్తే దఫ్తరులో సాబ్ ముందు కూడా అదే వంగుడు, చెప్పులొక్కటే కాళ్లకుండేవి. తల వంచకుండా చేసే నౌకరీ లోకంలో ఇదొక్కటే ఉందని నా పిచ్చి నమ్మకం. నాకది కావాలి. దానికోసం ఏ గడ్డి అయినా కరిచేవాణ్ని, కరిచాను కూడా.

ఒక ఆదివారం శిక్షకుడు నన్ను పిలిచి, నాది జనగామ తాలూకానే కదా అని అడిగి, రెండు సీట్ల విమానంలో ముందు కూర్చోబెట్టి, ఒళ్లో కరపత్రాల కట్టలు పెట్టాడు. దళాలు లొంగిపోవాలని, జనం వాళ్లకు అన్నం పెట్టొద్దని సర్కారు వేసిన కరపత్రాలవి. రాసినవాడెవడోగానీ పండితుడు. మొదటి వాక్యంలోనే నాకు మూడు మాటలు అర్థం కాలేదు, నేను చదువుకున్నవాణ్ని. వేలిముద్ర తప్ప తెలియని ఊళ్ల మీద వాటిని చల్లమన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, నేనూ చల్లాను.

రైలు పట్టాల వెంట జనగామ దాటాక మా ఊరు కనిపించింది. నాట్లు వేస్తున్నవాళ్లు మా చప్పుడు విని చెల్లాచెదురుగా పరుగెత్తారు. కాగితాలు ఏరుకోవడానికి అనుకుని నేను నవ్వాను, చెయ్యి కూడా ఊపాను. కిందికి దిగాక శిక్షకుడు భుజం తట్టాడు.

"కోర్సుకి ఇద్దర్ని పంపుతున్నాం. ఒకడివి నువ్వు. అందాకా నీకింకో పని ఉంది. మానుకోట నుంచి భూపాలపల్లి అడవుల దాకా కాలిబాటలు నీలాటివాడికే తెలుస్తాయి. పైనుంచి మాకు చూపించాలి. చూపిస్తావా?"

భూపాలపల్లి అంటే ఇప్పుడు బొగ్గు గనులు, క్వార్టర్లు. అప్పుడది దళాలు తలదాచుకున్న అడవి. ఆ బాటల్లో తిరిగేది నాతో గోలీలాడినవాళ్లే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను. "చూపిస్త సార్" అన్నాను.

కోర్సుకైనా, బాటలు చూపించడానికైనా ముందు ఇక మిగిలింది ఒక్క తతంగమే. నా ఊరు, నా నడవడి గురించి పోలీసులు విచారించి కాగితం పంపాలి. జనగామ వాడినంటే ఎవరికైనా అనుమానమే కదా. నేను ఇంటికి ఉత్తరం రాయలేదు. మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వకు చదువు రాదు. ఉత్తరం వస్తే పట్వారీయే చదవాలి, చదివితే దొర చెవిన పడుతుంది. అయినా రాయాల్సిన అవసరమేముంది? ఫలానావాడు మీ ఊరివాడేనా అంటే అవునంటారు, అంతేగా అనుకున్నాను. చదువుకున్న గాడిదను.

మూడు వారాల తర్వాత శిక్షకుడు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన కళ్లలో నవ్వి నవ్వి వచ్చిన నీళ్లు.

"ఏవయ్యా, నువ్వు పోయి ఏడేళ్లయిందట కదా! మాకు చెప్పనే లేదు!"

కాగితం నా ముందుకు తోశాడు. అట్టి వ్యక్తి ఈ గ్రామంలో లేడని ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు చెప్పాడు. ఆ పేరే ఎన్నడూ వినలేదని చాకలి చెప్పాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క ఆడపిల్ల, దాన్ని కేసముద్రం ఇచ్చారని పక్కింటి పెద్దమ్మ చెప్పింది. నాకు చెల్లెలే లేదు. చివర్లో మా అవ్వ మాట. కొడుకు ఒకడు పుట్టాడని, అమ్మతల్లి పోసి ఏడేళ్ల కిందనే పోయాడని ఆమె ఏడుస్తూ చెప్పిందని రాశారు.

నాకు చాలా కోపం వచ్చింది. కానీ ఆశ్చర్యం కలగలేదు. రజాకార్ల కాలంలో ఒకామె, కొడుకు ఇంట్లోనే ఉన్నాడని నిజం చెప్పింది. వాణ్ని మళ్లీ ఎవరూ చూడలేదు. ఆ తర్వాత మిలిటరీ వచ్చింది, ఇంకొకామె నిజం చెప్పింది, అదే జరిగింది. అప్పటి నుంచి మా ఊరికి ఒక్కటే నీతి. అడిగేవాడు ఎవడైనా సరే, ఎవరి గురించి అడిగినా సరే, లేడు. నేను కూడా పట్నం రాకముందు పక్కింటి అన్న గురించి ఒక తుపాకీవాడికి ఆ జవాబే చెప్పాను. ఆ అన్న అప్పుడు మా ధాన్యపు గరిసెలోనే దాక్కుని ఉన్నాడు. పట్నం నీళ్లు తాగి, నల్లద్దాలవాళ్ల మధ్య తిరిగి, అదంతా మరిచిపోయాను.

శిక్షకుడు వారం గడువిచ్చాడు. జనగామ క్యాంపులో ఉన్న ఇన్‌స్పెక్టర్ ముందు మా అమ్మ వచ్చి, వీడు నా కొడుకే అని చెప్పి వేలిముద్ర వేస్తే చాలు, సీటు నాదే. లేకపోతే జాగీర్దారు మేనల్లుడిది.

నేను ఇల్లు చేరేసరికి అవ్వ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. పక్కింటి పెద్దమ్మ నన్ను చూడగానే పరుగున వచ్చింది.

"అచ్చినవా కొడుకా! నీ కోసం ఖాకీలచ్చిర్రు. ఎంత మంచిగ చెప్పినమో ఎర్కేనా? నీకు చెల్లెను కూడ పుట్టిచ్చి పెండ్లి చేసిన్నేను! అడిగినోనికి నోట మాట లేదు!"

ఆ మొహంలో ఎంత గర్వమో! నేను అరిచాను. మీరంతా కలిసి నా బతుకు నాశనం చేశారన్నాను. వాళ్లు నన్ను పట్టుకుపోవడానికి కాదు, విమానం నడిపే నౌకరీ ఇవ్వడానికి వచ్చారన్నాను. పెద్దమ్మ బుగ్గ మీద వేలేసుకుంది.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట! ఖాకీలు నౌకరి ఇయ్యనీకి అచ్చిర్రా? నీకు పట్నంల ఎవడో మందు పెట్టిండు బిడ్డా."

అవ్వ చేట పక్కన పెట్టింది. "ఏ విమానం కొడుకా? మొన్న మన మీదికెళ్లి పోయిందే, గసోంటిదా?"

"ఆ, గదే."

"వద్దు కొడుకా. ఆ పొద్దు ఎవడో ముండకొడుకు కాయితాలేసిండు. నాటేసేటోళ్లు బాంబులనుకొని ఉరికిర్రు. తెల్లారి ఖాకీలచ్చి, ఏ తప్పు చెయ్యకపోతే ఎందుకురికిర్రని అందర్ని పండవెట్టి కొట్టిర్రు. గిదో, నీ పెద్దమ్మకు మోచెయ్యి ఇంక లేస్తలేదు."

పెద్దమ్మ ఎడమ చెయ్యి చూపించింది. ఉబ్బి ఉంది. ఆ ముండకొడుకును నేనేనని అప్పుడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. అవ్వా, పెద్దమ్మా ఇద్దరూ పోయారు. ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను, నా ధైర్యం అంతే.

పోనీ ఆ చెయ్యి చూశాకైనా ఊరుకున్నానా? లేదు. సీటు ఒక్కటే కళ్లముందు ఆడుతోంది. రెండు రోజులు అవ్వ వెంటబడ్డాను, బతిమాలాను, అన్నం మీద అలిగాను. చివరికి ఆమె తలూపింది. "నువ్వు చెప్పమన్నట్టె చెప్త తీ. జర అన్నమైతె తిను."

జనగామ దాకా నడిచి పోయాం. నేను విమాన దళం వాళ్లిచ్చిన ఖాకీ చొక్కా, బూట్లు వేసుకున్నాను, దర్జా కోసం. అవ్వ దారి పొడుగునా మాటలు అప్పజెప్పుకుంది. "గీడు నా కొడుకు. నా కడుపున పుట్టిండు. నేను అబద్ధమాడిన, తప్పయింది బాంచెను." గంటసేపు అవే మాటలు. ఒక్కసారి కూడా తడబడలేదు.

క్యాంపు ఒక బడిలో పెట్టారు. ఆవరణలో, ఎండలో, ఆడవాళ్లు ఆరేడుమంది గొంతుక్కూర్చుని ఉన్నారు. కొడుకుల జాడ చెప్పేదాకా వాళ్లు కదలడానికి వీల్లేదట. అవ్వ వాళ్ల పక్కనుంచి నడుస్తూ ఒక్కొక్కరి మొహం చూసింది. నేను చూడలేదు. నేను చొక్కా సర్దుకుంటున్నాను.

ఇన్‌స్పెక్టర్ కూడా కోస్తా మనిషే. కుర్చీలో వెనక్కి వాలి, లాఠీ బల్ల మీద పెట్టి అడిగాడు. "ఏమే ముసలీ, ఈ కుర్రాడు నీ కొడుకేనా?"

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. నా ఖాకీ చొక్కా చూసింది. బల్ల మీది లాఠీ చూసింది. కిటికీలోంచి ఆవరణ వైపు చూసింది.

"కాదు బాంచెను. నాకు కొడుకు లేడు. పోయిండు. గీ పిలగాడెవలో నాకెరుక లేదు."

"అవ్వా!" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. ఇన్‌స్పెక్టర్ లేచి లాఠీ తీసుకున్నాడు.

"మీ ఇద్దర్లో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఇది ఆడితే కొడుకుని దాస్తోందన్నమాట, ఆ బయట కూర్చోబెడతాను, ఎందుకు దాస్తోందో అదే చెబుతుంది. నువ్వు ఆడితే నీ కాగితం మీద దొంగ అని రాసి పంపిస్తాను. చెప్పు, ఇది మీ అమ్మేనా?"

కాగితం ఆయన ముందే ఉంది. కలం దాని మీదే ఉంది. అవునంటే, వాదిస్తే, విమాన దళానికి కబురు పెట్టిస్తే, రెండు రోజుల్లోనో నాలుగు రోజుల్లోనో తేలిపోయేది. ఆ నాలుగు రోజులూ ఆమె ఎండలో ఉండేది. నేను ఆ లెక్క కూడా వేశాను, దాచను. నాలుగు రోజులే కదా అని కూడా అనుకున్నాను.

"కాదు సార్" అన్నాను. "ఈమె మా అమ్మ కాదు."

చెంప పగిలేలా ఒక్కటి కొట్టాడు. కాగితం మీద ఏదో రాసి, నా చొక్కా మీది విమాన దళం బిళ్ల పీకేసి, ఇద్దర్నీ బయటికి గెంటించాడు. గేటు దగ్గర సిపాయి మమ్మల్నే చూస్తున్నాడు కాబట్టి కలిసి నడవడానికి లేదు. అవ్వ ముందు, పరాయివాడిలా చాలా దూరంలో వెనక నేను. నాకు ఒళ్లంతా మంట. ఆమెను, ఊరిని, ఇన్‌స్పెక్టర్ని, గోదావరి వెటకారాన్ని, జాగీర్దారు మేనల్లుణ్ని, అందర్నీ మనసులో బూతులు తిట్టుకుంటూ నడిచాను.

రైలు పట్టాలు దాటి, క్యాంపు కనుమరుగయ్యాక ఆమె ఆగింది. నేను దగ్గరికి వచ్చేదాకా నిలబడి, కొట్టిన చెంపను వేళ్లతో తడిమి చూసింది.

"ఇగ నీకోసం ఎవ్వలు రారు గద కొడుకా?"

"రారవ్వా" అన్నాను.

నిజంగానే ఎవరూ రాలేదు.