నాయన చేతి పట్టు పట్టీ

మా నాయన కుళ్ళాయప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. అంచులో నెమలి ఎన్ని పోగులకు మెడ తిప్పాలో కాగితం చూడకుండా చెప్పేవాడు. పక్క వీధివాళ్లు కూడా లెక్క తప్పితే పని ఆపి మా ఇంటికే వచ్చేవారు. నేను బడి నుంచి వచ్చేసరికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, "ఈ పొద్దు ఏం చెప్పినారు పాపా?" అని అడిగేవాడు. పాఠం అప్పజెప్పేదాకా వదిలేవాడు కాదు.

1997లో ఆ ప్రశ్నే ఒక సాయంత్రం నాలుగుసార్లు అడిగాడు. అప్పటికి నా చదువు అయిపోయి రెండేళ్లయింది. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో పని చేస్తున్నాను.

తర్వాత అంచులో జానెడు మేర నెమళ్లు తప్పాయి. ఆయన గమనించలేదు. మా అమ్మ తిప్పమ్మ కూర్చుని ఆ పోగులన్నీ విప్పింది. ఇంకో రోజు టీ తాగడానికి వెళ్లినవాడు దారి తప్పితే, తెలిసినవాళ్లెవరో మరునాడు తీసుకొచ్చి దింపారు. అనంతపురం డాక్టరు ఇది నయమయ్యే మరపు కాదన్నాడు, ఒంటరిగా పంపొద్దన్నాడు.

"తిరిగే మనిషిని కట్టేసి పెట్టుకుంటామా?" అంది అమ్మ.

బూత్ నంబరు చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టాను. ఉతుకులో పోయింది. అప్పుడు అమ్మకు హిందూపురం బజారులో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే ఇస్సాకు గుర్తొచ్చాడు. ముగ్గురం వెళ్లాం. రేకు ముక్క మీద నాయన పేరు, ఊరు, బూత్ నంబరు చెక్కమన్నాం.

నాయనకు కోపం వచ్చింది. "నేనేమన్నా చెంబునా, పేరు చెక్కేకి?"

ఇస్సాకు మిషన్ ఆపాడు. "చెంబు పోతే ఇంకోటి కొంటారన్నా. నువ్వు పోతే యాడ తెచ్చుకుంటారు?"



ఆ రేకును గొలుసుకు తగిలించి చేతికి వేశాం. మూడో రోజే పీకి పారేశాడు. "పోగు తెగుతాండాది," అన్నాడు. నిజమే, గొలుసు పట్టుదారాలకు తగులుకుంటోంది. ఇంత మరపులోనూ ఆ సంగతి ఆయనకే తట్టింది, మాకు తట్టలేదు.

అమ్మ రేకు మూలలు రాయి మీద నున్నగా అరగదీసింది. మిగిలిన పట్టుతో రెండు వేళ్ల వెడల్పు పట్టీ నేసి, రేకు అంచులు బయటికి కనబడకుండా దాని మీద కుట్టింది. చేతికి కడుతుంటే నాయన బొటనవేలితో తడిమి చూశాడు.

"ఎవరు నేసినారు?"

"నేనే."

"బాగా నేసినావు."

ముప్పై ఏళ్లుగా ఆయన పక్కనే పని చేసిన అమ్మకు ఆ మాట ఎన్నడూ దక్కలేదు. లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. నాయన ఆ పట్టీని మళ్లీ తియ్యలేదు.

తర్వాతి ఏడు శ్రావణంలో, అమ్మ కుళాయి దగ్గరికి వెళ్లి వచ్చేలోగా నాయన కనబడలేదు. వీధివాళ్లంతా తలోదిక్కు వెతుకుతున్నారు. ఫోను దగ్గర నుంచి కదలొద్దని నన్ను బూత్‌లోనే కూర్చోబెట్టారు. మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది.

"ధర్మవరమేనా? నేను పెనుకొండ నుంచి మరియమ్మను మాట్లాడతాండా. కుళ్ళాయప్ప అనే ఆయన మా ఇంట్లో ఉండాడు. భయపడొద్దు తల్లీ, అన్నం తింటాండాడు."

బస్సెక్కి వెళ్లాం. ఆ ఇల్లు చూడగానే అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. ఒకప్పుడు అందులో నాయన అక్క, మా అత్త యశోద ఉండేది. ఆమె పోయి పన్నెండేళ్లు. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే మరియమ్మ ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటోంది.

"రైలు దిగి నేరుగా వచ్చినట్లుండాడు. 'అక్కా, ఆకలైతాంది' అన్నాడు. కాదని ఎట్ల అనేది? పెట్టినా," అంది మరియమ్మ. "తిన్నాక ఊరేదని అడిగితే చెయ్యి ముందుకు చాపినాడు. 'నాకు గుర్తొస్తాండ్లేదు, ఈడ రాసిండారు సూడక్కా' అన్నాడు."

చెంబునా అని కోప్పడిన మనిషి తనంతట తానే చెయ్యి చాపాడని విని నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నెలకోసారి అమ్మే ఆయనను పెనుకొండకు తీసుకెళ్లేది. మరియమ్మ ఆయనకిష్టమని బొరుగులతో ఉగ్గాని చేసిపెట్టేది. నాయన ఆమెకు చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు, చింతచెట్టు మీద నుంచి పడటం, అక్క కొట్టడం. ఆమె "అవునప్పా, బాగా కొట్టినా," అనేది. నవ్వుకునేవాళ్లు. ఆ రెండు గంటలూ నాయన దేనికీ తడుముకునేవాడు కాదు.

2003లో నాయన పోయాడు. మరియమ్మ మొదటి బస్సుకే వచ్చింది. ఈమె ఎవరని చుట్టాలు అడిగితే, "మా వదిన," అని చెప్పి అమ్మ ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకుంది.