పీల్చేవాళ్లే రావాలి

సిద్దిపేటలో బాలనర్సయ్య కొట్టంలో ఇప్పుడు మగ్గం ఒక్కటే ఆడుతోంది. రెండోది తీసేసిన జాగాలో ఆయన కూతురు సుచిత్ర బల్ల వేసుకుంది. బల్ల మీద గాలి సిలిండరు, ప్రెషర్ మీటరు, పక్కన నీళ్ల తొట్టి. నీళ్లలో మునిగి పనిచేసేవాళ్లు నోట కరచుకుని గాలి పీల్చే రెగ్యులేటర్లను ఆమె బాగుచేస్తుంది.

"సముద్రం లేని ఊర్ల గీ దుకాణమేంది?" అని నవ్వినవాళ్లకు, "మన రిజర్వాయర్ల ఉన్నయి నీళ్లు కావా?" అని జవాబిచ్చేది. పెళ్లయ్యాక భర్త వెంట మస్కట్ పోయి, అక్కడొక డైవింగ్ దుకాణంలో సామాను కడిగే పనికి కుదిరింది. కడగడంతో ఊరుకోలేదు. పొమ్మన్నా పోకుండా మెకానిక్ వెనకే నిలబడి పని పట్టుకుంది. ఊరికి తిరిగొచ్చాక ఈ దుకాణం పెట్టింది.

ఒక పొద్దున సందీప్ వచ్చాడు. నీళ్లలోకి మనిషిని దించి రిజర్వాయర్ గేట్లను అడుగునుంచి పరీక్ష చేయించే కాంట్రాక్టు అతనిది. అతను తెచ్చిన రెగ్యులేటరు ఎవరూ పీల్చకుండానే బుస్సుమని గాలి వదులుతోంది. అట్లా వదిలితే మనిషి నీళ్లలో ఉండగానే సిలిండరు ఖాళీ అవుతుంది.

"నోటికాడి మర జర బిగియ్యి అక్కా, గంతే" అన్నాడు.

సుచిత్ర దాన్ని సిలిండరుకు తగిలించి మీటరు చూసింది. ముల్లు ఒకచోట నిలవక మెల్లగా పైకి పాకుతోంది.

"తప్పు నోటికాడ లేదు సారూ. సిలిండరుకు తగిలిచ్చే ముక్క లోపట గాలికి అడ్డముండే బిళ్ల, సీటు, అరిగింది. గాలిని ఆపుతలేదు. ఆ ఒత్తిడికే నోటికాడ తెరుసుకుంటుంది. కొత్త సీటు హైదరాబాద్ నుంచి రేపొస్తది."

"పని ఇయ్యాల్నే. బిగిస్తే సప్పుడు ఆగుతదా, లేదా?"

"ఆగుతది."

"మరి బిగియ్యి."

"బిగియ్య. సప్పుడు ఆగుతది, దోషం పోదు. దానికి తోడు పీల్చేటోడు గట్టిగ గుంజాలె. నీళ్ల కింద ఊపిరికే కొట్లాడుకుంట ఇగ పనేం చేస్తడు?"

సందీప్ ముఖం ఎర్రబడింది. "సామాను నాది. నేనే బిగిచ్చుకుంట, తే."

"తీస్కపో. కానీ సిద్ధయ్యకు చెప్తా."

సిద్ధయ్య అతని దగ్గర నీళ్లలో దిగే మనిషి. సందీప్ రెగ్యులేటరు లాక్కుని జీపెక్కాడు. ఫోన్ చేస్తే సిద్ధయ్య ఎత్తలేదు. సుచిత్ర మీటరు సంచిలో వేసుకుని స్కూటీ బయటికి తీసింది.

"పెద్దోళ్లతోని లొల్లెందుకు బిడ్డా? ఇగ ఒక్క పని రానియ్యరు" అని తల్లి పెంటవ్వ అడ్డం నిలిచింది.

"రాకపోనీ అవ్వా."

ఆమె రిజర్వాయర్ చేరేసరికి సిద్ధయ్య కట్ట మీద సిలిండరు వీపున కట్టుకుంటున్నాడు. "సిద్ధన్నా, ఆగు" అంటూ పోయి మీటరు తగిలించింది.

"నా సైట్ల నీకేం పని? పో!" అని సందీప్ అరిచాడు.

"పోత. ఈయన చూసినంక పోత."

ముల్లు పాకుతూ పోయింది. చూస్తుండగానే, మర బిగించి ఉన్నా నోటికాడ గాలి బుస్సున తన్నుకొచ్చింది.  సిద్ధయ్య నడుముకున్న బరువు పట్టీ విప్పి కింద పెట్టాడు.

"ఇయ్యాల దిగ."

"ఇగ నా పని నీకు రాదు" అన్నాడు సందీప్ సుచిత్రతో.

"నేనడిగిన్నా?"

మర్నాడు రెగ్యులేటరు పట్టుకుని సిద్ధయ్యే వచ్చాడు. ఆమె సీటు మార్చింది. ముల్లు కదలకుండా నిలిచాకే నోటికాడి మర ముట్టుకుంది. కొద్దికొద్దిగా తిప్పుతూ అతనితో పీల్పించింది, అతను "హాయిగ ఉంది" అనేదాకా.

సందీప్ అన్నంత పనీ చేశాడు. "ఆమెతోని లొల్లి" అనే మాట సైటు సైటుకూ పాకి, చాలారోజులు హైదరాబాద్ నుంచి పార్సిల్లో వచ్చే రిపేర్లే ఆమెకు దిక్కయ్యాయి. అయినా బెదరలేదు. ఇక్కడి సైట్లలో సామాను ఎవరిదైనా, దానితో గాలి పీల్చే మనిషే స్వయంగా వచ్చి చూసి తీసుకుపోవాలని కొత్త షరతు పెట్టింది.

మొన్న సందీప్ ఒక రెగ్యులేటరు ఇచ్చి జీపు డ్రైవరును పంపాడు. సుచిత్ర దాన్ని ముట్టనైనా ముట్టలేదు.

"నీళ్లల్ల దిగేది నువ్వా?"

"కాదక్కా."

"మరి దిగేటోన్ని రమ్మను" అని తన పనిలో పడింది.