ఒక్క మెలిక చాలు

చీర్‌లీడింగ్ జట్టులో చెల్లెల్ని గాలిలోకి ఎగరేసి పట్టుకునేది అక్కే. పోటీకి వారం ముందు కోచ్, చెల్లెలు గాలిలో రెండు మెలికలు తిరగాలన్నాడు. సాధనలో పదిసార్లకు ఆరుసార్లు చెల్లెలు జారిపడింది. మోచేయి కమిలిపోయింది.

"ఒక మెలికైతే ఎప్పుడూ తప్పలేదు సార్, అదే చేద్దాం," అంది అక్క.

"కష్టమైంది చేస్తేనే మార్కులు. భయమైతే ఇంట్లో కూర్చో!"

అక్కకు ఒళ్లు మండిపోయింది. "పడేది మీరు కాదుగా! దీని మెడ విరిగితే మార్కులు అతికిస్తాయా?"

పోటీ రోజున అక్క చెల్లెలి చెవిలో, "ఒక్కటే తిరగవే," అంది. చెల్లెలు ఒక్కటే తిరిగి, ఆమె చేతుల్లోకి చక్కగా దిగింది. జట్టుకు మూడో స్థానం వచ్చింది. మాట వినలేదని కోచ్ అక్కను జట్టులోంచి తీసేశాడు. ఆమె పతకాన్ని అతని బల్ల మీదికి విసిరికొట్టి, చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.