తివాచీ వెనక పేరు

కోదాడలో దుర్గయ్య టెంట్‌హౌస్‌కు వెళ్తే పేరు లేని వస్తువు కనపడదు. గంటెల మీద, గంగాళాల మీద, కుర్చీల వీపుల మీద, ఆఖరికి చీపురు కర్ర మీద కూడా ‘దుర్గయ్య టెంట్‌హౌస్’ అని నీలం పెయింటుతో తానే రాస్తాడు. కిరాయికి పోయిన సామాను ఒక్కటి తగ్గకూడదు, పరాయిది ఒక్కటి కలవకూడదు. ఈ రెండో మాట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ కాస్త ముందుకొస్తుంది.

అందుకే నడిగూడెం నుంచి సీత టీచరమ్మ ఫోన్ చేసి, తమ బిడ్డ నిశ్చితార్థంలో పరిచిన ఇంటి తివాచీ మీ సామానులో గానీ కలిసిందా అని అడిగితే, ఆయన గోదాం వైపు తలైనా తిప్పలేదు.

“మా సామాన్ల పరాయోళ్ళ చెంచా కూడ కలవది టీచరమ్మా” అని ఫోన్ పెట్టేశాడు.

కొన్నాళ్ళకు ఒక పెళ్ళి వేదిక సర్దుతుంటే ఒక తివాచీ తిరగబడింది. దాని వెనక అంచు పొడవునా తన పేరుంది. పేరు చుట్టూ పువ్వులూ ఉన్నాయి. దుర్గయ్యకు వింతగా తోచింది. తన తివాచీలన్నిటికీ వెనక జిగురు పూసిన గోనెగుడ్డ ఉంటుంది. దీనికేమో ముందున్న పువ్వే వెనకా ఉంది, చిన్న చిన్న ముడులతో. కుచ్చులు లాగి చూశాడు. కుట్టినవి కావు, లోపలి నుంచే వచ్చిన పోగులు. ఇటు నిలబడి చూస్తే ముదురెరుపు, అటు వెళ్ళి చూస్తే లేతెరుపు. పెళ్ళివాళ్ళు కుర్చీలేవని అరుస్తుంటే ఈయన తివాచీ చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు.

హైదరాబాద్‌లో పాత తివాచీలు బాగుచేసే ఖాదర్ సాబ్ నంబరు సంపాదించి ఫొటోలు పంపాడు. సాబ్ వెంటనే ఫోన్ చేశాడు.

“అరే భాయ్, ఇది ఇరాన్‌ది! ఒక్కొక్క ముడి చేత్తోని వేసిండ్రు. ఊలు ఒక దిక్కుకే వాలి ఉంటది, అందుకే రంగు మారినట్టు కనపడ్తది. ఊడిస్తే ఆ వాలు దిక్కే ఊడ్వాలె. మడత పెట్టొద్దు, ఊలు లోపలికి పోయేటట్టు చుట్టాలె. గని ఆ ఎనక రాసిన గాడిద ఎవడు?”

“తెల్వది సాబ్” అన్నాడు దుర్గయ్య బుద్ధిగా.

“పెయింట్ తీయనీకి థిన్నర్ మాత్రం పెట్టకు. ఎరుపు కారి ఖతం అయితది.”

టీచరమ్మ అడిగిన తివాచీ ఇదేనని దుర్గయ్యకు అప్పుడర్థమైంది. కొత్త తివాచీలను బోర్లా పరిచి వరసగా పేర్లు రాసిన రోజు ఇదీ వాటిలో కలిసిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి భార్య రేణుకమ్మకు చూపించాడు. ఆమె పుట్టిల్లు నడిగూడెమే.

“టీచరమ్మ నాయిన సాగర్ డ్యాంల పనిచేసి ఇరాన్ పోయిండు. ఆయన తెచ్చిందే అయితది” అంది రేణుకమ్మ. “నిశ్చితార్థం రోజు మన సామాను ఎత్తింది వాళ్ళింట్ల పనిచేసే మత్తయ్యట. ఆయనే అమ్ముకున్నడని పనికి రావద్దన్నరట. చర్చిల కూడ పక్కన కూసోనిస్తలేరట పాపం.”

తన పొగరుకు ఇంకొకడు తల దించుకుని తిరుగుతున్నాడు. సిగ్గుతో ఆ పూట అన్నం సహించలేదు.

“ఎవరు లేనప్పుడు వాళ్ళ అరుగు మీద పెట్టి రారాదయ్యా” అంది రేణుకమ్మ.

“పెడితే, మత్తయ్యే భయపడి తెచ్చిండంటరే.”

మర్నాడు పొద్దున్నే తివాచీ చుట్టడానికి కూర్చున్నాడు. ఊలు లోపలికి పెట్టి చుడితే తన పేరు పైకి తేలింది. తిప్పి చుడితే దాగిపోతుంది. చేతులు కాసేపు ఆగాయి. చివరికి సాబ్ చెప్పినట్టే చుట్టి, తాడు కట్టి, ఆటోలో వేసుకున్నాడు.

నడిగూడెంలో దిగి, పేరు బయటికి కనపడేలా భుజానికెత్తుకుని నడిచాడు. హోటల్ దగ్గర టీ తాగేవాళ్ళు కూడబలుక్కుని చదివారు.

“ఏందన్నా, టీచరమ్మ తివాచీకి నీ పేరు పెట్టుకున్నవ్?” అన్నాడొకడు నవ్వుతూ.

“పెట్టుకున్న. జర మత్తయ్యను గూడ టీచరమ్మ ఇంటికి పిల్వుండ్రి” అన్నాడు దుర్గయ్య. చెవులు కాలిపోతున్నాయి, అడుగు మాత్రం ఆపలేదు.

టీచరమ్మ వాకిట్లోకి వచ్చి, ఆ అక్షరాలు చదివి, కోపంతో ఎర్రబడింది. అప్పటికే వెనక పదిమంది చేరారు.

“తీస్కపోయింది నేనే, రాసింది నేనే. మీరు అడిగితే సూడకుండనే లేదన్నది గూడ నేనే. మత్తయ్యకు దీంతోని సంబంధం లేదమ్మా” అన్నాడు దుర్గయ్య, అందరికీ వినపడేలా.

గేటు బయట నిలబడ్డ మత్తయ్యను చూసి టీచరమ్మే వెళ్ళి గేటు తీసింది. “లోపలికి రా మత్తయ్యా” అంది.

మత్తయ్య వచ్చి తివాచీ పక్కన కూర్చున్నాడు. ఆ నీలం అక్షరాలను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు.

“గీ పెయింట్ పోతదా అన్నా?”

“పోదట. గీకితే ముడులు తెగుతయట.”

“పోవద్దు” అన్నాడు మత్తయ్య. “గది గట్లనే ఉండాలె.”