మోకాలి మీది చెయ్యి

త్రివేణి నల్లగొండ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్. జడను ముడేసి, మైదానం నడుమ తిరుగుతూ అటు బంతి లాక్కుంటుంది, ఇటు అందిస్తుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత మాత్రం ఎవరు తగిలినా ముందు ఆమె చెయ్యి ఆ మోకాలి మీదికే పోతుంది. పానగల్‌లో గొర్లు కాసే తల్లి గుర్వమ్మ ఆటకు వస్తే బంతిని కాదు, ఆ చేతినే చూస్తుంది.

ఆ రోజు ఎదుటి జట్టు పిల్ల గట్టిగా గుద్దితే త్రివేణి బోర్లా పడింది. గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. త్రివేణి లేచింది, అరచేతుల మట్టి నిక్కరుకు తుడుచుకుంది, బంతి వెంట ఉరికింది.

"మోకాలికి తాకిందంటవా, అమ్మా?" కోచ్ దామోదర్ అడిగాడు.

"లేదు సారూ. ఇయ్యాల దానికి మోకాలు యాదికే రాలే," అంది గుర్వమ్మ కొంగు దించి. "ఇంతకూ బంతి ఎటు పోయింది?"