నూకరత్నం నేర్పిన నడక

మా వాటాకీ నూకరత్నం వాటాకీ మధ్య నడుం ఎత్తు గోడ ఒకటే ఉంది. ఆమె కూతుర్ని కొట్టడం ఆ గోడ మీదుగా చాలా ఏళ్ళు చూశాను. నా చేతిలో పుస్తకం తెరిచి ఉండేది గానీ పేజీ తిరిగేది కాదు.

బెల్లం మార్కెట్టులో పని ముగించుకుని వచ్చి, చేతులకంటిన జిగురు కడుక్కుని, గుక్కెడు టీ అయినా తాగకుండా కూతురు ధనశ్రీని పెరట్లోకి పిలిచేది. పిలవడమంటే భుజం తట్టడమే. ఆ పిల్లకి పుట్టుకతోనే వినపడదు. కళ్ళకి తువ్వాలు బిగించి కట్టి, తర్వాత పెరట్లో సామానంతా జరిపేది. బకెట్టు నిన్నున్న చోట ఉండదు. పీట తిరగబడి ఉంటుంది. రోకలి దారికి అడ్డంగా పడి ఉంటుంది. పిల్ల గుమ్మం దగ్గర్నుంచి కుళాయి దాకా వెళ్ళి, చెంబు నింపుకుని, తొణక్కుండా తిరిగి రావాలి. దేనికైనా తగిలితే పిక్కమీద ఈత బరిక పడేది. ఏదీ తగలకుండా వస్తే తువ్వాలు విప్పి, కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టేది. మొదలుపెట్టిన నాటికి పిల్లది రెండో తరగతి వయసు.

వీధిలో అందరికీ ఈ సంగతి తెలుసు. మొగుడు సన్యాసిరావు ఆటో తోలేవాడు. మా ఆవిడ సర్కస్ కంపెనీ పెడుతోంది, టిక్కెట్లు నేను చింపుతాను అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, నవ్వుతూనే తువ్వాలు బిగించేది. ఎదురింటి తలుపులమ్మ మాత్రం ఒకరోజు ఊరుకోలేక గోడ దగ్గరికొచ్చి నిలదీసింది.

"కన్నతల్లివేనా నువ్వు? ఆ గుంట కాళ్ళు సూడే, ఎలా వాతలు తేలిపోనాయో. సవితితల్లయినా ఇలా సెయ్యదు."

"ఏడవనీ అప్పా," అంది నూకరత్నం తలెత్తకుండా. "కళ్ళున్నప్పుడే ఏడవనీ."

తలుపులమ్మకి అది అర్థం కాలేదు. నాకూ అప్పుడు కాలేదు.

ఈ తువ్వాలు కట్టడం మొదలవకముందు, పొద్దు వాలేసరికి పిల్ల గడప తన్నుకుని పడిపోతోందని విశాఖపట్నం కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు చెప్పింది ఇదీ: చెవులు పుట్టుకతో పోయాయి, కళ్ళు మెల్లగా పోతాయి. ముందు చీకట్లో కనపడదు. తర్వాత పక్కల నుంచి చూపు తరిగిపోయి గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది. ఆ తర్వాత గొట్టం కూడా మూసుకుపోతుంది. మందు లేదు. తల్లిలో సగం, తండ్రిలో సగం దాగి ఉన్న లోపం పిల్లలో కలిసింది. మేనరికమా అని అడిగాడు. మేనరికమే. అత్తగారు చిన్నమ్మలు నూకరత్నానికి సొంత మేనత్త. ఆ మాట విని ఆవిడ, మా పుట్టింటి నెత్తురికి వంక పెడతావేటే, అది నీ పుట్టిల్లు కూడానే అని నెల్లాళ్ళు సణిగింది.

నూకరత్నానికి డాక్టరు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పుట్టింటి ఊరు మునగపాకలో ఆమె తండ్రికి ఒక తమ్ముడుండేవాడు. పుట్టు చెవిటివాడు. చెరుకు కోతలో ఇద్దరి పని చేసేవాడు, ఊళ్ళో ఎవరి నడకైనా నడిచి చూపించి నవ్వించేవాడు. ముప్పై దాటాక చూపు పోయింది. ఇక ఎవరేం చెప్పాలన్నా ఆయనకి చేరే దారి లేదు. పశువుల పాకలో మంచం వేసి, మంచం కోడు నుంచి దొడ్డివైపుకి ఒక తాడు కట్టారు. అది పట్టుకుని వెళ్ళాలి, అది పట్టుకుని రావాలి. ఒకనాడు ఎవరో దూడని కట్టడానికి ఆ తాడు విప్పుకుపోయారు. ఆయన తాడు వెతుక్కుంటూ చెరుకుతోటలోకి పోయాడు. అరిచాడు. అరవడం రోజూ ఉన్నదే కదా అని ఎవరూ కదల్లేదు. మర్నాడు దొరికేసరికి ప్రాణం లేదు. అప్పటికి నూకరత్నం లంగా కట్టుకునే పిల్ల.

"మా సిన్నాన్నకి ఎవులూ ఏటీ నేర్పలేదండి," అంది నాతో ఒకసారి. "జాలిపడ్డారు, అంతే."

పిల్లకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పడానికి సైగ దొరకలేదంది.

ధనశ్రీ చదివే చెవిటిపిల్లల బడికి హైదరాబాదు నుంచి దేవీప్రసాద్ అనే డాక్టరు వచ్చేవాడు. ఈ జబ్బున్న కుటుంబాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఊరూరా తిరిగి రక్తం తీసుకుపోయేవాడు. చుట్టాలందరిదీ కావాలన్నాడు. నెత్తురే కదా అత్తా, కిడ్నీ కాదు గదా అని నూకరత్నం బతిమాలితే చిన్నమ్మలు మొహం తిప్పుకుని చెయ్యి చాపింది. ఏళ్ళు గడిచినా ఆయన ఇవ్వగలిగింది ఏమీ లేకపోయింది. అయినా దసరాకో సంక్రాంతికో ఫోను చేసి పిల్ల ఎలా ఉందని అడిగేవాడు.

పోయినేడాది వేరే కబురుతో ఫోను చేశాడు. సరిగ్గా వీళ్ళ నెత్తురులో ఉన్న లోపానికే ఒక మందు తయారైందట. కంట్లోకి ఇంజెక్షను. కొద్దిమందికి ఇచ్చి చూస్తున్నారు. పనిచేస్తే మిగిలి ఉన్న చూపు నిలబడవచ్చు. ధనశ్రీకి పద్దెనిమిది నిండాయి కాబట్టి తీసుకురండి, పరీక్షలుంటాయి, మసక వెలుతురులో నడిచే పరీక్ష కూడా ఉంటుంది అన్నాడు.

ఆ చివరి మాట విన్నాక నూకరత్నం మొహంలో వచ్చిన వెలుగు నేను గోడ ఇవతల నుంచి చూశాను. నడకలో దీన్ని మించినోలెవరండీ అంది. ఎప్పుడో చూరులో దోపేసిన బరిక మళ్ళీ దించింది. పెరట్లో ఇటుకలు పరిచింది, తల తగిలే ఎత్తులో దండెం కట్టింది. పరీక్షంటే గెలవాలనే మా అందరికీ తెలుసు. ఇంకోలా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

డాక్టర్లు ఏం చెబుతారో వినే ధైర్యం లేదని సన్యాసిరావు మమ్మల్ని హైదరాబాదు రైలెక్కించి ఉండిపోయాడు. నన్ను తోడు రమ్మంది నూకరత్నమే.

అక్కడ ముందుగా పిల్లకి అంతా తెలియాలన్నారు. సుజి అనే సైగల టీచరు, ధనశ్రీకి కనపడే ఆ కాస్త మేరలోనే చేతులు ఆడిస్తూ, నీ కళ్ళు పోతాయని చెప్పింది. పిల్ల రెప్ప వేయకుండా చూసింది. తర్వాత తల్లివైపు తిరిగి, రెండు చేతులూ తలవెనక్కి పోనిచ్చి తువ్వాలు ముడివేసినట్టు చూపించి, కనుబొమలెత్తింది. అందుకా అని. నూకరత్నం తలూపింది. ధనశ్రీ తల్లి చెయ్యి తీసుకుని తన పిక్కమీద పెట్టుకుని కాసేపు అలాగే ఉంచుకుంది.

నడక పరీక్షకి ఒక పెద్ద గది. నేలమీద బాణాలు గీసిన దారి, మధ్యలో మెత్తటి దిమ్మలు, ఒక మెట్టు, వేలాడే అట్ట. ఒక్కోసారికీ దీపాలు తగ్గిస్తూ పోతారు. మేము పక్కగదిలో టీవీలో చూశాం. చివరిసారి తెరమీద పిల్ల నీడలా మాత్రమే కనిపించింది. కాలివేళ్ళు నేలకి రాసుకుంటూ, అరచెయ్యి వెనక్కి తిప్పి నడుం ముందు పెట్టుకుని, ఒక్కదానికీ తగలకుండా చివరిదాకా వెళ్ళింది. బయటికొచ్చి నోరు తెరిచింది. నూకరత్నం కొంగు ముడి విప్పింది.

డాక్టరు దేవీప్రసాద్ వచ్చి, కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చున్నాడు.

"అన్నిటికంటే తక్కువ వెలుతురులో కూడా ఎక్కడా తగల్లేదమ్మా."

"తగలదు బాబూ. తగలకుండానే పెంచేను."

"అదే ఇబ్బంది. మందు వేశాక నడక ఎంత బాగుపడిందో మేము కొలవాలి. తగలకుండా నడిచేవాళ్ళలో ఏం కొలుస్తాం? ఇలాంటివాళ్ళని తీసుకోకూడదని నియమం."

అర్థం కావడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. "అది కళ్ళతో నడవలేదు బాబూ. కాళ్ళతో నడిచింది."

నాకు తెలుసన్నాడు ఆయన. చూపు ఎంత సన్నబడిందో మిగతా పరీక్షల్లో కనబడుతూనే ఉందనీ, కానీ నియమం తనొక్కడి చేతిలో లేదనీ, దారి మార్చి ఇంకొక్కసారి నడిపించవచ్చనీ చెప్పాడు. కాలితో తడమొద్దు, కళ్ళతోనే నడువు అని సుజి పిల్లకి చెప్పింది.

మర్నాడు లోపలికి పంపే ముందు నూకరత్నం కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తమ ఇంటి సైగల్లో చెప్పింది. తగులు. పడిపో. ధనశ్రీ నమ్మలేదు. బరిక ఝళిపించినట్టు చెయ్యి ఊపి, కొట్టవా అని అడిగింది. తల్లి తన నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది.

తెరమీద పిల్ల మొదటి దిమ్మ దగ్గర ఆగిపోయింది. వేళ్ళకి అది అందింది. కాలు ఎత్తింది, ముందుకి తీసుకెళ్ళింది, వెనక్కి లాక్కుంది. మళ్ళీ ఎత్తింది.

"తన్నే," అంది నూకరత్నం, గోడ అవతల ఉన్న చెవిటిపిల్లతో, చాలా మెల్లగా. "తన్నీవే నా తల్లీ."

ఎత్తిన కాలు పక్కకి దిగింది. దిమ్మని చుట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దేనికీ తగల్లేదు.

బయటికొచ్చాక ఆ పిల్ల నోరు తెరవలేదు. తల్లి ముందు నిలబడి, చుడీదారు ప్యాంటు మోకాలిదాకా పైకి లాగి, పిక్క చూపించింది. నూకరత్నం బెల్లం ముక్క తీసి పెదాలకి ఆనిస్తే నోరు బిగించుకుంది. తప్పు చేసిన రోజు బెల్లం ఉండదని ఆ పిల్లకి నేర్పింది ఆమే.

ఆ చోటు వేరే ఊరి కుర్రాడికి ఇచ్చారు. అతను అన్నిటికీ తగిలాడట.

ఇప్పుడు ధనశ్రీకి ఎదురుగా పెట్టిన చెయ్యి కూడా సరిగా కనపడదు. ఏం చెప్పాలన్నా తల్లి ఆమె అరచేతిలో వేలితో చెబుతుంది. తువ్వాలు అక్కర్లేకుండా పోయింది. సాయంత్రాలు చెంబు పట్టుకుని కుళాయి దాకా వెళ్ళి తొణక్కుండా తిరిగొస్తుంది. ఆమె గుమ్మం దాటగానే నూకరత్నం ఇప్పటికీ బకెట్టు జరుపుతుంది. ఇంకా ఎందుకమ్మా, ఇక వదిలేయకూడదా అన్నాను మొన్న గోడ మీదుగా.

పీట తిరగేస్తూ జవాబిచ్చింది.

"నాను పోయేక ఎవులో ఒకలు జరుపుతారు గదండీ."